కింద కూర్చున్న టీచర్

భారతి టీచర్ పోయాక చేసిన దినం నాడు అల్వాల్‌లో వాళ్లింటి మేడ మీద, షామియానా కింద, విస్తరి ముందు కూర్చుని ఉన్నాను. టీచర్ కూతురు వచ్చినవాళ్లందరినీ పలకరిస్తూ నా పక్కకు వచ్చి కూర్చుంది. నేను వాళ్లమ్మ దగ్గర చదువుకున్నదాన్నని తెలిసి సంబరపడింది. "అమ్మ చాలా స్ట్రిక్ట్ కదండీ! క్లాసులో సూది పడినా వినపడాలి. పిల్లలు నోరు తెరిస్తే ఊరుకునేది కాదు. పుస్తకంలో ఉన్నది చెప్పడం, ఇంటికి రావడం. రిటైరయ్యేదాకా అదే పద్ధతి," అంది. ఆమె అది గొప్పగానే చెప్పింది. నేను మాత్రం చేతిలోని ముద్దను విస్తరిలో పెట్టేశాను. మీరు ఎవరి గురించి చెబుతున్నారమ్మా అని అడగబోయి ఊరుకున్నాను. నాకు తెలిసిన భారతి టీచర్ పిల్లల మధ్య నేల మీద బాసింపట్టు వేసుకుని, ఒళ్లో పలక పెట్టుకుని, "నాకు రాలేదు, మళ్లీ చెప్పు" అని పిల్లల్ని బతిమాలే మనిషి. ఆ మనిషి ఈ మనిషిగా ఎందుకు మారిందో ఆ షామియానా కింద నా ఒక్కదానికే తెలుసు. ఇన్నేళ్లుగా నేను పదిమందికీ చెప్పుకుంటూ వచ్చిన ముచ్చటలో ఆ ముక్క ఒక్కటి తీసేసి చెప్పాను. ఇప్పుడు రాస్తున్నాను. రాస్తే ఏమొస్తుంది అంటే ఏమీ రాదు. అయినా రాయకుండా ఉండలేకపోతున్నాను.

మా ఊరు శామీర్‌పేట దాటాక రోడ్డు దిగి రెండు మైళ్లు లోపలికి ఉండేది. మాకు ద్రాక్ష తోట ఉండేది. తీగలకు మందు కొట్టే రోజుల్లో నాయిన చొక్కాల మీద మైలుతుత్తం నీలి మరకలు పడేవి. ఎన్ని ఉతుకులు ఉతికినా పోయేవి కావు. ఇంట్లో పొద్దు అవ్వతోనే మొదలయ్యేది. చీకటితో లేచి వాకిట్లో పేడనీళ్ల సాన్పు చల్లేది, బర్రెను తిట్టేది, పాలు పిండేది, మళ్లీ బర్రెనే బుజ్జగించేది. మనుషులతో కంటే బర్రెతోనే ఎక్కువ మాట్లాడేదని అమ్మ నవ్వేది. పొయ్యి మీద జొన్న గట్క ఉడికే వాసనకు నేను లేచేదాన్ని. గిన్నెలో గట్క, దాని మీద సల్ల, పక్కన పచ్చిమిరప తొక్కు. బడికి పోయేముందు అది తినకపోతే అవ్వ గడప దాటనిచ్చేది కాదు. పెరటి గోడ గూట్లో రెండు గ్లాసులు బోర్లించి ఉండేవి. తోటలో పనిచేసేవాళ్లు నీళ్లు అడిగితే ఆ గ్లాసులే ఇచ్చేవాళ్లు. తాగినవాళ్లు కడిగి మళ్లీ బోర్లించి పోవాలి. ఇంటికంతటికీ చేతుల కుర్చీ ఒక్కటే. అందులో నాయిన కూర్చునేవాడు, లేకపోతే ఊళ్లోకి వచ్చిన ఆఫీసర్లు కూర్చునేవాళ్లు. అమ్మ ఆ కుర్చీలో కూర్చోగా నేను ఒక్కసారీ చూడలేదు. ఒకనాడు నేను ఎక్కి కూర్చుంటే అవ్వ పరుగెత్తుకొచ్చి, "దిగు బిడ్డా, దిగు, గది మనం కూసునేది గాదు," అని రెక్క పట్టి దింపింది. ఇవన్నీ నాకు గాలీ వెలుతురూ ఎంత మామూలో అంత మామూలు. వీటి గురించి ఒకరు ఆలోచించాలని కూడా నాకు తోచలేదు.

మా బడి రెండు గదులు. ఒక గదిలో బెంచీలు విరిగినవి పడేసి ఉండేవి, ఇంకో గదిలో ఐదు తరగతుల పిల్లలం కింద వరసల్లో కూర్చునేవాళ్లం. టీచర్‌కు మాత్రం ఒక చెక్క కుర్చీ ఉండేది. భారతి టీచర్ మచ్చ బొల్లారం నుంచి రెండు బస్సులు మారి, రోడ్డు మీద దిగి, ఎండలో గొడుగు వేసుకుని నడిచి వచ్చేది. అప్పటికి ఆమెకు పాతికేళ్లు ఉంటాయేమో. మొదటి మూడు నెలలు ఆమె పాఠం చెప్పేది, మేం వినేవాళ్లం. ప్రశ్న అడిగితే నేనొక్కదాన్నే లేచి నిలబడేదాన్ని. నాకు నాయిన శామీర్‌పేటలో ట్యూషన్ పెట్టించాడు, పుస్తకం మాట నా నోటికి తిరిగేది. మిగతావాళ్లు తల వంచుకుని నేల మీద గీతలు గీసేవాళ్లు. ఆ నిశ్శబ్దంలో నా గొంతు ఒక్కటే వినపడుతుంటే నాకు ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను. టీచర్ మొహం మాత్రం రోజురోజుకీ చిన్నబోయేది.

ఒకనాడు చేపల పాఠం. చేప మొప్పలతో ఊపిరి పీలుస్తుందని టీచర్ చెబుతూ, బోర్డు మీద బొమ్మ వేసింది. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఎల్లమ్మ. మా ఊరి చెరువులో చేపలు పట్టే మల్లయ్య బిడ్డ. నాకంటే రెండేళ్లు పెద్దది, అయినా ఇంకా మూడో తరగతే. వారంలో మూడు రోజులు వస్తే ఎక్కువ. "ఎందుకు నవ్వావు?" అని టీచర్ అడిగింది. మేమంతా దెబ్బలు పడతాయనుకున్నాం. ఎల్లమ్మ లేచి నిలబడి, "చేపను ఎన్నడు వట్టుకోకుండ చేప పాఠం ఎట్ల చెప్తరు టీచర్? మీరేసిన చేపకు మొప్పలు తోక కాడున్నయి," అంది. టీచర్ బోర్డు వైపు తిరిగి చూసుకుంది. తర్వాత ఆమె కూడా నవ్వింది.

"అయితే నువ్వు చెప్తావా?" అంది.

"నాకు సదువు రాదు గద టీచర్."

"చేప వచ్చు కదా. నాకు అదే రాదు."

అని సుద్దముక్క ఎల్లమ్మ చేతిలో పెట్టి, ఆమెను తన కుర్చీలో కూర్చోబెట్టి, తను వచ్చి మొదటి వరసలో నా పక్కన కింద కూర్చుంది. ఆమె చీర నుంచి పౌడర్ వాసన, బస్సు పొగ వాసన కలిసి వచ్చాయి. ఎల్లమ్మ కుర్చీ అంచు మీద, పడిపోతుందేమో అన్నట్టు కూర్చుని ఆ పూటంతా సుద్దముక్కను వేళ్ల మధ్య తిప్పుతూనే ఉంది. మర్నాడు మాత్రం తామరాకులో ఒక బొచ్చె చేపను చుట్టుకుని తెచ్చింది. "జూడుండ్రి. మొప్పలు ఎర్రగుంటె గియ్యాల్టిది. నల్లబడ్డదంటె నిన్నటిది. నిన్నటిదాన్ని గియ్యాల్టిదని అమ్మితే మా బాపు వీపు వలగ్గొడ్తడు," అంది. బడంతా ఒక్కటే నవ్వు. వల కన్నును, అంటే దారాల మధ్య సందును, వేళ్లతో ఎట్లా కొలుస్తారో చెప్పింది. మూడు వేళ్లు పట్టే కన్ను వేస్తే చిన్న చేపపిల్లలు జారిపోయి మళ్లీ ఏడాదికి పెద్దవవుతాయట. మొదటి వానలకు నీటికి ఎదురెక్కే చేపను వాళ్ల బాపు పట్టడట, అది కడుపుతో ఉంటుందని. టీచర్ అన్నీ పలక మీద రాసుకుంది. తర్వాత బోర్డు దగ్గరకు పోయి "గియ్యాల" అని రాసింది, కింద "ఈ రోజు" అని రాసింది. రెండూ మనవే అంది. ఎల్లమ్మ తన నోట్లో మాటను బోర్డు మీద చూసి, ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది. ఆ పిల్ల మొట్టమొదట చదివిన మాట అదే.

అప్పటి నుంచి మా బడి నడత మారిపోయింది. ప్రతి శనివారం టీచర్ మమ్మల్నే అడిగేది. ఈ వారం నేను చెప్పిన దాంట్లో ఏది సమజ్ కాలేదు? ఎందుకు కాలేదు? వచ్చే వారం మనం ఎవరి దగ్గర నేర్చుకుందాం? "సమజ్" అంటే అర్థం కావడం, ఆ మాట ఆమె మా దగ్గరే నేర్చుకుంది. మేం పేరు చెప్పినవాళ్లు కుర్చీలో కూర్చునేవాళ్లు, ఆమె కింద కూర్చునేది. ఒకడు ఈతాకుతో చీపురు కట్టడం చెప్పాడు. ఒక పిల్ల నారు పోసే మడిని ఎన్ని చాళ్లుగా విడగొట్టాలో చెబితే, టీచర్ దాంట్లోంచే భాగహారం చెప్పింది. నాలుగేళ్లుగా భాగహారం అంటే ఏడ్చే పిల్లలు ఆ పూట ఏడవలేదు. ఎల్లమ్మ ఇగ ఒక్క రోజు కూడా బడి మానలేదు. ఐదో తరగతి అయినంక శామీర్‌పేట పెద్దబడికి పోతానని, బస్సులో పోతానని అందరికీ చెప్పుకుని తిరిగేది. వాళ్ల బాపు కూడా ఒకనాడు బడి గేటు దాకా వచ్చి, లోపలికి రాకుండా అక్కడే నిలబడి బిడ్డ చదువుతుంటే విని పోయాడు.

ఒక శనివారం పిల్లలు నా పేరు చెప్పారు. "సరోజ ఎన్నడు చెప్పలే టీచర్." నేను పోయి కుర్చీలో కూర్చున్నాను. కూర్చున్నాక తెలిసింది, నా దగ్గర చెప్పడానికి ఏమీ లేదని. ద్రాక్షపండు రుచి తెలుసు గానీ తీగను ఎట్లా కత్తిరిస్తారో తెలియదు. పాలు తాగడం తెలుసు, పిండడం తెలియదు. మా తోట పనులన్నీ ఈ పిల్లల తల్లులూ తండ్రులే చేసేవాళ్లు. చివరికి పుస్తకంలోని పద్యం ఒకటి గడగడా అప్పజెప్పాను. ఎల్లమ్మ పకపకా నవ్వి, "గది మీ ఇంటిది గాదు గద, బుక్కులదేనాయె!" అంది. బడంతా నవ్వింది. టీచర్ నన్ను దగ్గరకు తీసుకుని, "ఇంటికి పోయి మీ అవ్వను అడుగు. ఆమెకు ఎన్ని తెలుసో," అంది. నేను అడగలేదు. ఆ రాత్రి అన్నం తినలేదు. మొన్నటిదాకా బడిలో గొంతు ఉన్నది నాకొక్కదానికే. ఎల్లమ్మ మీద నాకు కడుపు మండిపోయింది. ఇది ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, అయినా మండింది నిజం.

ఆ నెలలోనే బడులు చూసే ఆఫీసర్ వచ్చాడు. ఊళ్లోకి ఏ ఆఫీసర్ వచ్చినా భోజనం మా ఇంట్లోనే, అది ఎప్పటి నుంచో ఉన్న మర్యాద. నాటుకోడి కోశారు, అమ్మ జొన్నరొట్టెలు చేసింది. ఆఫీసరూ నాయినా పీటల మీద కూర్చుని తింటున్నారు, నేను నాయిన పక్కన కూర్చున్నాను. ఆయన మంచివాడిలాగే ఉన్నాడు. నవ్వుతూ, "ఏం పాపా, మీ టీచర్ మంచిగ చెప్తదా?" అని అడిగాడు.

"మంచిగ చెప్తది సార్," అన్నాను. అక్కడ ఆగి ఉంటే సరిపోయేది. ఆగలేదు. "టీచర్ కింద కూసుంటది సార్. ఎల్లమ్మ కుర్చీల కూసుంటది."

వంటింటి గడప దగ్గర నిలబడ్డ అవ్వ, "ఏ ఎల్లమ్మనే?" అంది.

"మల్లయ్య బిడ్డ."

నాయిన చెయ్యి పళ్లెంలో ఆగిపోయింది. నా వైపు తిరిగి, చాలా నెమ్మదిగా, "మరి నువ్వేడ కూసుంటవు బిడ్డా?" అని అడిగాడు.

"కింద," అన్నాను.

బడిలో పిల్లలందరమూ ఎప్పుడూ కిందనే కూర్చునేవాళ్లం. నేనూ ఒకరోజు ఆ కుర్చీలో కూర్చున్నాను. ఆ రెండు మాటలూ నా నోట్లోనే ఉన్నాయి, చెప్పలేదు. ఆ ఇంట్లో పుట్టి, ఆ గూట్లో గ్లాసులు చూస్తూ పెరిగినదాన్ని, ఆ మాట ఎక్కడ తగులుతుందో నాకు తెలియకపోవడమేమిటి! నాయిన తన పళ్లెంలోంచి మంచి ముక్క ఒకటి తీసి నా పళ్లెంలో వేశాడు. నేను అది తిన్నాను.

రెండు రోజులకు నాయిన, ఊరి పెద్దలు ఇద్దరు బడికి వచ్చారు. కేకలేమీ లేవు. "టీచరమ్మా, మీరు సదువు చెప్పుండ్రి, సాలు. గీ కుర్చీల కూసోవెట్టుడు ఎందుకు?" అన్నాడు నాయిన. భారతి టీచర్ లేచి నిలబడి, "పిల్లలు ఇప్పుడు మాట్లాడుతున్నారండీ. ఇదివరకు మాట్లాడేవాళ్లు కాదు," అంది. నాయిన కుర్చీ వైపు చూశాడు. "మాట్లాడనియ్యుండ్రి. కిందికెల్లి మాట్లాడనియ్యుండ్రి," అని నాయిన బయటికి నడిచాడు. నెల తిరగకుండా ఆమెకు ఎక్కడో దూరాన, బస్సు కూడా సరిగా లేని ఊరికి బదిలీ అయింది. చివరి రోజు ఆమె కుర్చీలో కూర్చుని, పుస్తకం తెరిచి, మొదటి నుంచి చివరిదాకా పాఠం చదివింది. మమ్మల్ని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నా మొహం చూడలేదు. ఎవరు చెప్పారో ఆమెకు తెలుసా అని నేను ముప్పై ఏళ్లకు పైగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. ఆ మర్నాటి నుంచి ఎల్లమ్మ బడికి రాలేదు. ఎందుకు రావట్లేదని అడిగితే అవ్వ, "పెద్దగైంది పోరి, ఇగ బడేంది," అంది. ఆ మాట నమ్మితే నాకు సుఖంగా ఉంది, కాబట్టి నమ్మాను.

తర్వాత నేను చదువుకున్నాను, రెండు వేల సంవత్సరం తర్వాత టీచర్‌నే అయ్యాను, ఇంకొన్నాళ్లకు టీచర్లకు శిక్షణ ఇచ్చేదాన్ని అయ్యాను. మేడ్చల్‌లో, చుట్టుపక్కల మండలాల్లో ఎన్ని శిక్షణలు చెప్పానో లెక్కలేదు. పిల్లల ఇంటి మాటను బడిలోకి రానివ్వండి, ఇంటి పనిలోంచి పాఠం తీయండి, ఏది అర్థం కాలేదో వాళ్లనే అడగండి అని చెప్పేదాన్ని. దానికి ఉదాహరణగా భారతి టీచర్ ముచ్చటే చెప్పేదాన్ని. తామరాకులో చేప, బోర్డు మీద "గియ్యాల", కింద కూర్చున్న టీచర్. వినేవాళ్లు కళ్లు తుడుచుకునేవాళ్లు, చప్పట్లు కొట్టేవాళ్లు. "మరి తర్వాత ఏమైంది మేడం?" అని ఒకామె అడిగితే, బదిలీ అయింది అని చెప్పి చాయ్‌కి లేచాను. ఈలోపు నాయిన పోయాడు, అవ్వ పోయింది. ద్రాక్ష తోట ప్లాట్లయింది. మా బడికి రంగులేశారు, పిల్లలకు బల్లలు వచ్చాయి, మాతృభాషను గౌరవిద్దాం అని గోడ మీద రాయించారు. అప్పుడు లేనివన్నీ ఇప్పుడు ఉన్నాయి. ఉన్నందుకు సంతోషించాలనే అనుకుంటాను గానీ, ఆ గోడ చూసినప్పుడల్లా నాకు తల ఎత్తబుద్ధి కాదు.

దినం భోజనం వదిలేసి లేచి, అల్వాల్ నుంచి ఇంటికి పోకుండా శామీర్‌పేట బస్సెక్కాను. ఎల్లమ్మ రోడ్డు పక్కన చేపలు అమ్ముతుందని ఎన్నో ఏళ్లుగా తెలుసు. కారులో పోతూ రెండు మూడుసార్లు చూశాను కూడా, దిగలేదు. ఈసారి ఎదురుగా పోయి నిలబడ్డాను. తల నెరిసింది, మోచేతుల దాకా పొలుసులు. క్షణం చూసి గుర్తుపట్టింది. "సరోజమ్మా! ఎన్నొద్దులాయె నిన్ను జూసి. అమ్మ మంచిగున్నదా?" అని కొంగుతో స్టూలు తుడవబోయింది. భారతి టీచర్ పోయిందని చెప్పాను. కత్తిపీట మీద చెయ్యి ఆగింది. "అయ్యో, ఎట్లనమ్మా?" అంది. బొక్కెనలో చేతులు కడుక్కుని కొంగుతో తుడుచుకుంది. "బంగారమసొంటి మనిషి. నా పేరు రాసుడు ఆమెనే నేర్పింది," అంది.

"ఎల్లమ్మా, ఆ రోజు ఆఫీసర్ ముందు చెప్పింది నేనే," అన్నాను.

"ఎరికె."

"ఎప్పటి నుంచి?"

"గప్పటిసందే. గా సందేళనే మీ నాయిన మా బాపును పిలిపించిండు. నీ బిడ్డకు కుర్చీ గావాల్నటరా మల్లయ్యా అన్నడు. మా బాపుకు ఏందో సమజ్ కాలె, కాళ్ల మీద వడ్డడు. గా యేడంత చెరువుల వల ఎయ్యనియ్యలె. ఇగ తినుడెట్ల? నేను కోళ్లఫారంల పనికి వోయిన."

ఇది నాకు తెలియదు. పెద్దగైంది అన్న అవ్వ మాట మీద నేను ఇన్నేళ్లు హాయిగా నిద్రపోయాను. రోడ్డు పక్కన, వచ్చేపోయే బండ్ల ముందు, వలవలా ఏడ్చేశాను. ఎల్లమ్మే నన్ను ఓదార్చింది. "ఊకో సరోజమ్మా. గప్పుడు నువ్వు గూడ పోరివే గద. నీకేం తెలుస్తది?"

"తెలుసు ఎల్లమ్మా. తెలిసే చెప్పిన."

అప్పుడు ఆమె నా మొహంలోకి సూటిగా చూసింది. ఎవరో కిలో బొచ్చె అడిగితే తూచి, కోసి, కవర్లో వేసి ఇచ్చింది. ఆ కాసేపూ నేను అక్కడ నిలబడే ఉన్నాను. ఎటు చూడాలో తెలియక పక్కకు చూస్తే, తిరగేసిన డబ్బా మీద స్కూలు డ్రెస్సులో ఒక పిల్ల హోంవర్క్ రాసుకుంటోంది. ఎల్లమ్మ మనుమరాలట, నాలుగో తరగతట. నాకున్న పాడు అలవాటు ఎక్కడికి పోతుంది? వంగి, శిక్షణలో చెప్పే గొంతుతోనే, "మీ అమ్మమ్మకు చేపల గురించి ఎన్నో తెలుసు బిడ్డా. బడిలో టీచర్ అడిగితే చెబుతున్నావా?" అని అడిగాను.

పిల్ల తల ఎత్తకుండా, ఎక్కం అప్పజెప్పినట్టు, "మా ఇంట్ల ఎవ్వలకేం తెల్వది మేడం," అంది. చెప్పి, సరిగ్గా చెప్పానా అన్నట్టు ఎల్లమ్మ వైపు చూసింది. ఎల్లమ్మ తల ఊపింది.

"నేనే నేర్పిన సరోజమ్మా. ఇంటి ముచ్చట ఎవ్వలడిగినా గట్లనే చెప్పుమన్న. దీని తల్లికి గూడ గదే నేర్పిన. ఇన్నేండ్లాయె, మా జోలికి ఎవ్వలు రాలె."